అవ్వ తిట్టిన పట్నం

మా అవ్వ చంద్రవ్వకు హైదరాబాదు నచ్చలేదన్న సంగతి నాంపల్లి స్టేషన్లో దిగిన పావుగంటకే చుట్టుపక్కల నిలబడ్డవాళ్లందరికీ తెలిసిపోయింది. అది యాభై అయిదో సంవత్సరం. నాకప్పుడు ఏడేళ్లు. మా వైపు అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ అంటాం. లక్సెట్టిపేటలో ఎడ్లబండి ఎక్కి, మంచిర్యాలలో రైలెక్కి, కాజీపేటలో ఆ రైలు దిగి ఇంకో రైలెక్కి, ఒంటినిండా బొగ్గు నుసితో వచ్చి దిగాం. రిక్షావాడు ఎదురొచ్చి సామాను అందుకోబోయాడు. వాడు తొక్కుతుంటే మేము దొరల్లాగా వెనక కూర్చోవాలని తెలిసేసరికి అవ్వ సామాను వెనక్కి లాక్కుంది. గోనెసంచి తన నెత్తిన పెట్టుకుని, కంచు గిన్నెల మూట బాపుకిచ్చి, నా చెయ్యి పట్టుకుని ముషీరాబాదు దాకా నడిపించింది. దారి పొడుగునా ఊరిని తిడుతూనే ఉంది. ఇన్ని ఇళ్లు కట్టుకున్నారు గానీ ఒక్క ఇంటి ముందైనా అలిసిన మనిషి కూర్చోవడానికి అరుగు లేదట. ఇంతమంది ఎదురొస్తున్నారు గానీ మీదే ఊరు, ఎవరి తాలూకు అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదట.

బాపు ముందు నడుస్తూ ఒకే మాట అన్నాడు. "మంచి ఊరే. నాలుగొద్దులైతే నీకే అలవాటైతది."

బాపు పేరు రాయమల్లు. మాది మగ్గం నేసే ఇల్లు. లక్సెట్టిపేటలో బాపు, ఆయన అన్న రాజలింగు రెండు మగ్గాల మీద చీరలు నేసేవాళ్లు. అవ్వ కండెలు చుట్టేది, పడుగుకు గంజి పట్టించేది. నేత ఎక్కడ పలచబడినా మొదట కనిపెట్టేది ఆమే. కనిపెట్టి ఊరుకునే మనిషైతే గొడవ ఉండేది కాదు. ఒకసారి నూలు ఇచ్చే షావుకారు తడి నూలు తూచి ఇచ్చాడు. అవ్వ ఆ నూలు చిలపను అతని గుమ్మం ముందే పట్టుకుని మెలిపెట్టి పిండి, నీళ్లు కార్చి పదిమందికీ చూపించింది. షావుకారు రెండు నెలలు మా ఇంటికి నూలివ్వలేదు. పెద్దబాపు రాజలింగు పోయి బతిమాలి, మా మరదలికి బుద్ధి లేదు, మన్నించమని చెప్పి తెచ్చుకున్నాడు. ఆనాటి నుంచి బయటివాళ్ల ముందు అవ్వ నోరు విప్పకూడదని ఇంట్లో కట్టడి చేశారు. అవ్వ కొంతకాలం విప్పలేదు కూడా. ఆ కొంతకాలమూ ఇంట్లోవాళ్లు ఆమె వండిన కూరలో ఉప్పు లేదని అనడానికి భయపడ్డారని మా నాయనమ్మ చెప్పేది.

తరువాత నూలు దొరకడం గగనమైంది. నేసిన చీర అమ్ముడుపోవడం ఇంకా కష్టమైంది. బాపు కొన్నాళ్లు జమ్మికుంట పత్తి బజారులో మూటలు మోశాడు. అక్కడ పరిచయమైన మేస్త్రీ ఒకాయన హైదరాబాదులో బట్టల మిల్లులో పని ఉందని తీసుకుపోయాడు. ఆరు నెలలకు బాపు మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చాడు.

అవ్వ రానంది. లక్సెట్టిపేట మీద ప్రేమ ఉండి కాదు. ఆ ఊరికి పెట్టే వంకలు ఆమెకు కంఠతా వచ్చు. కొత్త ఊరికి పోతే అన్నీ మొదటినుంచీ వెతుక్కోవాలి కదా. కానీ హైదరాబాదు ఆమెకు ఆ కష్టం లేకుండా చేసింది.

ముషీరాబాదులో ఒకే వాకిలి చుట్టూ ఎనిమిది గదులు, అందులో ఒకటి మాది. వాకిలి మధ్యలో నల్లా. పొద్దున గంట సేపు, సాయంత్రం గంట సేపు నీళ్లు వచ్చేవి. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషిని బిందె పట్టుకుని వరుసలో నిలబెట్టిన ఊరు అని అవ్వ రోజూ రెండుసార్లు గుర్తు చేసేది. చింతచిగురు కొనుక్కోవాలి. బతుకమ్మకు తంగేడు పువ్వు కూడా కొనుక్కోవాలి. మా ఊళ్లో మేకలు తినే పువ్వును తట్టలో పెట్టుకుని బేరమాడుతున్నారని ఆ మొదటి యేడు బజారులోనే నవ్వింది. ఒక ఆదివారం బాపు మమ్మల్ని ట్యాంకుబండు మీదికి తీసుకుపోయాడు. జనం గట్టు మీద నిలబడి నీళ్లు చూస్తున్నారు. అవ్వ కూడా కాసేపు చూసి, ఈ నీళ్లు తాగుతారా అని అడిగింది. తాగరన్నాడు బాపు. పొలాలకు పారుతుందా అని అడిగింది. పారదన్నాడు. పొలం పారని చెరువును చూడ్డానికి బట్టలు మార్చుకుని వచ్చిన వీళ్లకు ఏం పని లేదా అంది. ఆ మాట ఆ పక్కనే వేరుశనక్కాయలు తింటున్న ఒక కుటుంబం మొత్తం విని మా వైపు తిరిగి చూసింది.

ఈ తిట్లన్నీ వినడానికి అవ్వకు తారాబాయి దొరికింది. మా పక్క గదిలో ఉండేది. ఆమెది ఆదిలాబాదు దగ్గర బోథ్. సగం మరాఠీ, సగం తెలుగు కలిపి మాట్లాడేది. ఇరవై ఏళ్లుగా హైదరాబాదులో ఉంటున్న మనిషి కనుక అవ్వ ఎంత తిట్టినా కోపగించుకునేది కాదు. రొట్టెలు కాలుస్తూ హో, హో అని తల ఊపేది. అవ్వ చెప్పినవాటిలో సగం ఆమె వినలేదని నా అనుమానం.

యాభై ఏడులో మా వాకిట్లోకి వర్ధనమ్మ వచ్చింది. రాష్ట్రాలు కలిసి హైదరాబాదు అందరికీ రాజధాని అయ్యాక తెనాలి వైపు నుంచి వచ్చిన గుమస్తా గారి భార్య. మా గదిలాంటి గదిలోనే ఉండేది గానీ మా ఎనిమిది గదుల మీద ఏదో దయ చూపడానికి వచ్చినట్టు మసిలేది. వచ్చిన రెండో రోజే నల్లా దగ్గర అవ్వ బిందె పెడుతూ, జర జరుగమ్మా అంది. వర్ధనమ్మ జరగలేదు. నవ్వడం మొదలుపెట్టింది. జర జరగాలట, ఇదేం భాషండీ అని తన గదిలో ఉన్న భర్తకు వినపడేలా రెండుసార్లు అంది.

అవ్వ ఆమె బిందెను పక్కకు జరిపి తన బిందె పెట్టింది. "మా పట్నంల గిట్లనే మాట్లాడుతరు. సమజ్ కాకుంటె రెండేండ్లు ఈడ ఉండి నేర్చుకో."

మా పట్నం అని అవ్వ అనగా నేను వినడం అదే మొదటిసారి. అప్పటికి మేము వచ్చి రెండేళ్లయింది. ఆ మాట అన్నానని కూడా ఆమెకు తెలియదు. నీళ్లు నిండగానే బిందె ఎత్తుకుని, నల్లా సన్నగా వస్తోందని ఊరిని తిడుతూ లోపలికి పోయింది.

ఆ మరుసటి యేడు శ్రావణమాసంలో వర్ధనమ్మ సుల్తాన్ బజారులో ఒక చీర కొనుక్కుని వచ్చింది. అసలైన చేనేత అట, కొట్టువాడు ప్రమాణం చేసి ఇచ్చాడట. వాకిట్లో అందరికీ చూపిస్తూ అవ్వ దగ్గరికి కూడా వచ్చింది. మెచ్చుకోవడానికి మనిషి తక్కువైంది కాబోలు. అవ్వ ముట్టుకోనే లేదు. దూరం నుంచే చూసి, మిల్లు చీర అంది. వర్ధనమ్మ మొహం మాడిపోయింది. పల్లెటూళ్లో ఏం చీరలు చూసి ఉంటావని అడిగింది. అవ్వ పొయ్యిమీద అన్నం దించి, చేతులు తుడుచుకుని, పద పోదాం అని బయలుదేరింది. ఏం జరుగుతుందో చూద్దామని తారాబాయి వెంట పడింది. ఆమె వెంట నేను.

ఆ దుకాణం సేఠ్ తెల్లటి పరుపు మీద కూర్చుని అత్తరు వాసన వేస్తున్నాడు. ముగ్గురు నలుగురు ఆడవాళ్లు చీరలు తీయించుకుని చూస్తున్నారు. వర్ధనమ్మ గొంతు తగ్గించి మర్యాదగా అడిగింది. సేఠ్ అంతకంటే మర్యాదగా నవ్వి, అచ్చమైన చేనేత అమ్మా, కావాలంటే ఎవరికైనా చూపించుకోండి అన్నాడు. అవ్వ చీర అంచు పట్టుకుని వెలుతురుకు పెట్టింది.

"చేత్తోని నేసిన చీరకు అంచుల జానెడు జానెడుకు సూది గుచ్చిన జాడ ఉంటది సేఠ్. గుడ్డ ముడుసుకపోకుండ నేసేటోడు బద్ద పెడ్తడు గదా, దాని జాడ. గది నాకు సూపెట్టు. సూపెట్టినవంటె నీకు దండం బెట్టి పోత."

సేఠ్ చూపించలేదు. ఈమె ఎవరని వర్ధనమ్మను అడిగాడు. అవ్వ చీర కొంగును రెండు చేతులతో పట్టుకుని బట్టలు ఉతికినట్టు గట్టిగా నులిమింది. సేఠ్ కూర్చున్న పరుపు పక్కనున్న నల్లటి చెక్క మీద తెల్లటి గంజి పొడి రాలింది. నులిమిన చోట గుడ్డ దోమతెరలా పలచబడింది. చీరలు చూస్తున్న ఆడవాళ్లు తమ చేతుల్లో ఉన్నవాటిని నులమడం మొదలుపెట్టారు. సేఠ్ ఉర్దూలో ఏదో గట్టిగా అన్నాడు. అవ్వకు సగమే అర్థమైంది గానీ బదులు మాత్రం మొత్తానికీ ఇచ్చింది. చివరికి అతను లోపలి బీరువా నుంచి వేరే చీర తీసి వర్ధనమ్మ ఒడిలో పడేశాడు. అవ్వ దాన్ని కూడా వెలుతురుకు పెట్టి చూసి, ఇది చేనేతే, నేసినవాడు మాత్రం నిద్రపోతూ నేశాడు అని చెప్పి లేచింది.

లక్సెట్టిపేటలో ఈ పని చేసి ఉంటే మా ఇంటిల్లిపాదీ సేఠ్ గడప ముందు నిలబడి మన్నించమని అడగవలసి వచ్చేది. అవ్వ ఆ రాత్రి దాకా దాని కోసం ఎదురుచూసిందనుకుంటాను. ఎవరూ రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి రోజు ఎదురు వీధి నుంచి ఒక ముసలమ్మ మనవరాలి పెళ్లి చీరలు కొనాలి, తోడు వస్తావా అని అడగడానికి వచ్చింది. ఆ తరువాత ఇంకొకరు. పెళ్లిళ్ల రోజుల్లో మా గుమ్మం ముందు ఆడవాళ్లు చెప్పులు విడిచి కూర్చునేవాళ్లు. వర్ధనమ్మ కూడా వచ్చేది. కానీ అవ్వ తెలుగును దిద్దడం మాత్రం మానలేదు. చీర చూపించి, ఇది బాగుందా అని అడిగి, మంచిగున్నది అని అవ్వ చెప్పగానే, బాగుంది అనాలమ్మా అనేది. ఆ గొప్ప తెలుగు తెలిసిన కళ్లకు మిల్లు చీర ఏదో మగ్గం చీర ఏదో ఇప్పటిదాకా తెలియలేదు.

అవ్వ నాంపల్లిలో నుమాయిష్, అంటే ఎగ్జిబిషన్, జరిగే రోజుల్లో ప్రతి జిల్లా చేనేత దుకాణం ముందూ ఆగి, ముట్టుకుని, పెదవి విరిచి పోయేది. రెండో యేటికి దుకాణాలవాళ్లు ఆమెను దూరం నుంచే గుర్తుపట్టి మంచి చీరలు పైకి తీసి పెట్టుకునేవాళ్లు.

అరవైలో సుల్తాన్ బజారు సేఠే మనిషిని పంపించాడు. చుట్టుపక్కల జిల్లాల నుంచి నేతవాళ్లు మూటలు తెచ్చి వేస్తున్నారట. అందులో ఎవరు ఏం కలిపారో తనకు తెలియడం లేదట. ఇన్నాళ్లూ మందిని మోసం చేసిన మనిషికి తనను ఎవరైనా మోసం చేస్తే ఎంత బాధ పుట్టుకొచ్చిందో చూడండి. అవ్వ ముందు రానంది. తరువాత ఒక షరతు పెట్టింది. కొనేవాళ్లు అడిగితే తను ఉన్నదే చెబుతానంది. సేఠ్ ఆలోచించి, అడగడానికి వీల్లేకుండా ఆమెను దుకాణం వెనక గదిలో కూర్చోబెట్టాడు.

కిటికీ పక్కన తెల్ల దుప్పటి పరుచుకుని అవ్వ మూటలు విప్పి చూసేది. మంచిది ఒక వైపు, చెడ్డది ఒక వైపు. సాయంత్రం అయ్యాక నారాయణగూడ మీదుగా ఒక్కతే నడిచి ఇంటికి వచ్చేది. ఎక్కడ నచ్చితే అక్కడ ఆగేది. చాయ్ దుకాణంలో ఆడవాళ్ల వైపు కూర్చుని చాయ్ తాగేది. అందులో పాలు తప్ప చాయ్ లేదని చెప్పి ఇంకో కప్పు అడిగేది. అంత దూరమూ నడిచి వచ్చినా, ఏమ్మా, ఎక్కడి నుంచి వస్తున్నావు, ఇంత పొద్దుపోయిందేమిటి, మీ ఆయన ఏమీ అనడా అని అడిగేవాళ్లు ఎవరూ లేరు. నువ్వెవరి తాలూకు అని అడగలేదని ఈ ఊరినే నాంపల్లి నుంచి ముషీరాబాదు దాకా తిట్టిన మనిషి, ఇప్పుడు అలా అడగకపోవడంలో ఉన్న సుఖాన్ని చాయ్‌లో రొట్టె ముంచుకుని తిన్నట్టు తినేది. ఆ మాట ఆమెతో అంటే మాత్రం నన్ను తన్నేది.

అరవై మూడులో పెద్దబాపు రాజలింగు ఆ దుకాణానికి చీరల మూటతో వచ్చాడు. ఆ రోజు బడి లేదు, నేను అవ్వ దగ్గరే కూర్చుని ఉన్నాను. లోపల కూర్చున్నది తన మరదలని తెలిసే వచ్చాడు. సేఠ్ ముందు మీసం దువ్వి, మా ఇంటి మనిషే అని చెప్పాడు. సేఠ్ నవ్వి వెనక గదిలోకి పంపించాడు. అవ్వ మంచినీళ్లిచ్చి, ఇంటి దగ్గర అందరూ బాగున్నారా అని అడిగి, మూట విప్పింది. మొదటి చీర కొంగు చూసింది. దట్టంగా ఉంది. రెండో కొస చూసింది. అదీ దట్టంగా ఉంది. అప్పుడు చీరను మొత్తం విప్పి నడిమి భాగాన్ని కిటికీకి అడ్డం పట్టింది. ఎదురింటి గోడ మీద కూర్చున్న కాకి దాంట్లో నుంచి కనిపించింది.

"బావా, నడుమ పోగులు యాడబోయినయి?"

పెద్దబాపు గొంతు తగ్గించాడు. "నూలు మస్తు పిరమైంది చంద్రవ్వా. మనోళ్లు బతకాలె గద. కొనేటోళ్లు కొసలే సూస్తరు. నువ్వు గుడ కొసలే సూడు. సేఠ్‌కు ఏం తెల్వది."

"సేఠ్‌కు తెల్వదనే నన్ను కూసుండబెట్టిండు."

"మనూరి బట్ట."

"అందుకే వాపస్ ఇస్తున్న. వేరేటోళ్లదైతే సగం ధరకు తీసుకొమ్మందును."

ఇరవై చీరలూ ఆమె మళ్లీ మడతలు పెట్టి అదే గుడ్డలో మూటకట్టి ఇచ్చింది. మడతలు మాత్రం అతను తెచ్చినప్పటికంటే చక్కగా ఉన్నాయి. ఇంటికి వచ్చి అన్నం తిని పొమ్మంది. అతను మూట భుజానికెత్తుకుని, దుకాణం ముందు నుంచి కాకుండా వెనక సందులో నుంచి వెళ్లిపోయాడు. బాపుకు ఆ సాయంత్రం ఈ సంగతి చెబితే అన్నం కలుపుతూ విన్నాడు. ఏమీ అనలేదు. బాపు ఏ సంగతికీ ఏమీ అనేవాడు కాదు కనుక మేము పట్టించుకోలేదు.

ఆ మరుసటి యేడు పెద్దబాపు కొడుకు పెళ్లి. అన్న కొడుకు పెళ్లికి పోకుండా ఉండడం కుదరదు. లక్సెట్టిపేటలో మేము బండి దిగేసరికే మా కథ అక్కడికి చేరి, పెరిగి పెద్దదై కూర్చుంది. చంద్రవ్వ పట్నం పోయి చెడిందట. సేఠ్ మోచేతి నీళ్లు తాగి సొంతవాళ్ల పొట్ట కొట్టిందట. ఆడవాళ్లు ఆమె కాళ్లకున్న చెప్పులు చూసి ఒకళ్లనొకళ్లు గిల్లుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ చెప్పులు తారాబాయివి, అవ్వకు బిగుతు. పెళ్లికూతురికి పెట్టిన చీరను అవ్వ వేళ్లతో తడిమింది. తడిమి ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేదని అక్కడున్నవాళ్లకు అనిపించేంత సేపు ఊరుకుంది.

భోజనాల దగ్గర పెద్దబాపు నలుగురి మధ్య కూర్చుని పట్నం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అక్కడ మనిషికి మనిషి తెలియదట. మేకలు తినే పువ్వును కొనుక్కుంటారట. పొలం పారని చెరువును చూడ్డానికి బట్టలు మార్చుకుని పోతారట. అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. అవన్నీ అవ్వ మాటలే. మునుపు పండుగకు వచ్చినప్పుడు ఆమె చెప్పగా ఊరు విని దాచుకున్నవే. తన మాటలకు మంది నవ్వుతుంటే ఆమె సంతోషపడాలి. ఆమె విస్తరి ముందు నుంచి లేచింది.

"బావా, నువ్వు పట్నంల ఎన్నొద్దులున్నవ్?"

పెద్దబాపు బిత్తరపోయాడు. ఒక్క పొద్దు అన్నాడు.

"నేను తొమ్మిదేండ్ల సంది ఉంటున్న. తిట్టుకుంటె నేను తిట్టుకోవాలె. ఒక్క పొద్దు ఉన్నోనికెందుకు?" అని, ఇంకా నిలబడే, గొంతు పెంచకుండా అంది, "ఈడ నూలు పిండి సూపిస్తె నా నోరు మూయించిండ్రు. ఆడ చీర నులిమి సూపిస్తె నాకు కొలువిచ్చిండ్రు. గా ఊరు జోలికి పోకుండ్రి."

ఎవరూ నవ్వలేదు. ఎవరో ముసలాయన పప్పు అడిగాడు, ఎవరో వడ్డించారు. అవ్వ మళ్లీ కూర్చుని తిన్నది. బాపు తల వంచుకుని తింటూనే ఉన్నాడు. మరుసటి రోజు మేము తిరిగి వచ్చి నాంపల్లి స్టేషన్ బయట అడుగు పెట్టగానే అక్కడ మోరీ పొంగి రోడ్డు మీద పారుతోంది. మనుషులుండే ఊరేనా ఇది అని అవ్వ మొదలుపెట్టింది. నాకు ప్రాణం కుదుటపడింది.

అరవై ఏడులో బాపు పనిచేసే మిల్లులో ఒక పాళీ, అంటే ఒక షిఫ్టు, తీసేశారు. తీసేసిన వాళ్లలో బాపు కూడా ఉన్నాడు. అవ్వ పెద్దగా దిగులుపడలేదు. సేఠ్‌తో మాట్లాడి గోదాములో పని ఇప్పిస్తానంది. అది ఒక ఆదివారం మధ్యాహ్నం. ముగ్గురం అన్నాలు తింటున్నాం. నేను అప్పుడు పంతులమ్మ ట్రైనింగు చదువుతున్నాను.

బాపు చెయ్యి ఆపి అన్నాడు. "నేను ఊరికి పోత."

ఎన్ని రోజులకని అవ్వ అడిగింది.

"పోయి మగ్గం మీద కూసుంట. ఇగ అక్కడనే."

అవ్వ అతని వైపు అదోలా చూసింది. "నీకు గీ పట్నం నచ్చలేదా?"

"ఒక్క రోజు గుడ నచ్చలే."

"పన్నెండేండ్లాయె. నోరిప్పకుంట ఎట్లున్నవయ్యా?"

బాపు కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "నువ్వు రోజు తిడుతనే ఉంటివి గద. నా తరపున గుడ తిడుతున్నవనుకున్న."

అవ్వ అన్నం సగంలోనే లేచింది. చెయ్యి కడుక్కుని వాకిట్లోకి పోయి నిలబడింది. తరువాత మూడు రోజులు ఊరి గురించి ఒక్క తిట్టూ లేదు. నీళ్లు రాలేదు, ఏమీ అనలేదు. పాలవాడు నీళ్లు కలిపాడు, ఏమీ అనలేదు. తారాబాయి భయపడి, ఒంట్లో ఎలా ఉందని నన్ను చాటుగా అడిగింది. తను అన్ని యేళ్లూ ఎవరి మనసులో మాట చెబుతూ వచ్చిందో ఆమె తెలుసుకుంటోందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆమె బాపు మీద కోపంగా ఉందనుకున్నాను.

నాలుగో రోజు ఆమె బాపు బట్టలు ఉతికి మడత పెట్టింది. పచ్చడి జాడీ కట్టింది. పిల్ల చదువు అయ్యేదాకా నేను ఇక్కడ ఉంటాను, నువ్వు పో అంది. బాపు సరే అన్నాడు. ఆమె అతన్ని ఆపలేదు, అతను ఆమెను రమ్మనలేదు. మంచిర్యాల వైపు పోయే రైలు ఎక్కించి వచ్చాం. వచ్చేటప్పుడు అవ్వ మొదటిసారి రిక్షా ఎక్కింది. నడవడానికి కాళ్లు రావడం లేదంది.

వాకిట్లో వాళ్లందరికీ నా చదువునే కారణంగా చెప్పింది. పోయిన వేసవికి నా చదువు అయిపోయింది. ఇంకో కారణం వెతికే ఓపిక ఆమెకు లేకపోయింది. పట్నం మోజులో మొగుణ్ని వదిలేసిందని లక్సెట్టిపేటలో అనుకుంటున్నారని తెలిసింది. అనుకునేవాళ్లకు పని లేదంది. వర్ధనమ్మ కూడా, ఇదేం పద్ధతండీ అని అడిగింది. మీ ఆయన ఇంట్లోనే ఉండి మీరు సాధించింది ఏమిటని అవ్వ ఆమెను అడిగింది. ఆ నెలంతా వర్ధనమ్మ మాకు ఎదురుపడలేదు. నాకది పెద్ద నష్టంగా తోచలేదు.

బతుకమ్మకు అవ్వ ఊరికి పోయి పది రోజులు ఉండి వస్తుంది. ఎండాకాలంలో బాపు ఇక్కడికి వస్తాడు. నాలుగు రోజులుంటాడు. అయిదో రోజు పొద్దున్నే మూట కట్టుకుని మంచం పట్టె మీద కూర్చుంటాడు. ఇద్దరూ పోట్లాడుకోరు. పెద్దబాపు మాత్రం ఇవాళ్టి దాకా అవ్వతో మాట్లాడలేదు. తన మగ్గం పక్క మగ్గం మీద బాపు కొస నుంచి కొస దాకా ఒక్క తీరుగా నేస్తుంటే చూడవలసి వస్తోంది, పాపం.

బాపు నేసిన చీరలు నెలనెలా మంచిర్యాల రైలు మీద సేఠ్ దుకాణానికి వస్తాయి. అవ్వ ఆ మూటను కూడా అందరి మూటల్లాగే దుప్పటి మీద విప్పి, అంచు తడిమి, వెలుతురుకు పట్టి చూస్తుంది. మొన్నటి మూటలో రెండు చీరలు నీళ్లు తగలగానే రంగు వదిలాయి. ఆమె వాటిని పక్కన పెట్టి, ఇంటికి తెచ్చి, నాతో ఉత్తరం రాయించింది. రంగు సరిగా ఉడకలేదు, ఎర్రది మళ్లీ కాచుకో, తొందరపడకు, రెండు చీరలు వాపసు పంపిస్తున్నాను, ఇవీ ఆమె చెప్పిన మాటలు.

ఇంకేమైనా రాయాలా అని అడిగాను. అవ్వ గుమ్మం బయటికి చూసింది.

"వానలకు గీడ బజారంత బురదైంది, కాలు పెట్టరాకుంటున్నది. నల్లాల ఎర్ర నీళ్లు వస్తున్నయి. గీ పట్నం మీద మన్నువొయ్య అని రాయి."

రాసి పోస్టులో వేశాను. పన్నెండు రోజులకు రెండు చీరలు తిరిగి వచ్చాయి. ఈసారి రంగు నిలిచింది.